కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి

పొద్దున గుడ్లు వేయిస్తుంటే క్లిఫర్డ్ అన్నాడు, "లోర్నా, ఆఫీసులో నువ్వేం మాట్లాడకు. అంతా నేను చూసుకుంటాను." పెళ్లైనప్పటి నుంచీ మా ఇంట్లో అన్నీ నా మొగుడే చూసుకున్నాడు. ఆ చూసుకోవడానికి కళ్లజోడు వెతికి ఇవ్వడం నా వంతు.

మా షాపులో సిమెంటు నేల మీద నిలబడీ నిలబడీ నా తుంటి అరిగిపోయింది. ఆపరేషన్‌కి వెళితే, డెబ్బై ఏళ్ల మనిషికి ముందు మెడికేర్ కట్టాలి, మిగిలిందే మేం కడతాం అన్నారు షాపు ఇన్సూరెన్స్ వాళ్లు. పెద్ద వయసువాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆ ఇన్సూరెన్స్ నాకు లేదు. అరవై అయిదు నిండినప్పుడు అడిగితే, "షాపు ఇన్సూరెన్స్ ఉందిగా, నీకు రెండెందుకు? గుర్రంలా ఉన్నావు" అన్నాడు క్లిఫర్డ్. తన మెడికేర్ మాత్రం అరవై అయిదో పుట్టినరోజు రాకముందే తీసుకున్నాడు. ఆ రోజు మంచులో కారు నడిపింది నేనే. నాకు అరవై అయిదు వచ్చేసరికే అతను రిటైరై, హార్డ్‌వేర్ షాపుని తమ్ముడు ఓరిన్‌కి అప్పజెప్పాడు. షాపుతో పాటు నన్నూ అప్పజెప్పాడు.

మెడికేర్‌లో చేర్చుకునే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది. చేరడం ఆలస్యమైన ప్రతి నిండు సంవత్సరానికీ నెలనెలా కట్టేదాని మీద పదో వంతు అదనం. నాకు అయిదేళ్లు దాటాయి కాబట్టి సగం అదనం.

"ఇన్సూరెన్స్ ఉంది కదమ్మా నాకు!"

"అది రిటైరైన మీ ఆయన తరఫున వచ్చింది మేడమ్. అది లెక్కలోకి రాదు. ఆ అయిదేళ్లూ మీరే ఉద్యోగంలో ఉండి, ఆ ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ వచ్చి ఉంటే ఈ జరిమానా ఉండదు. మీరు పనిచేసేవారా?"

నేను నోరు తెరిచేలోపు క్లిఫర్డ్ నవ్వాడు. "లోర్నానా? పనేం లేదు. కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఊరికే సాయం."

కూర్చోవడానికి అక్కడ కుర్చీ లేదు.

"జీతం ఇచ్చేవారా మేడమ్?"

"ఇంటి మనిషికి జీతమేంటమ్మా?" ఆ జవాబూ అతనే చెప్పాడు.

"ఈ జరిమానా ఎన్నాళ్లు?" అని అడిగాను.

"మెడికేర్ ఉన్నన్నాళ్లూ మేడమ్. అంటే..."

"అంటే చచ్చేదాకా," అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుంది.

నాకు ఏడుపు రాలేదు. ఏడవాలంటే కోపమైనా ఉండాలి, అదీ మిగల్లేదు. మేకులు తూచాను, రంగులు కలిపాను, అరువులకి వచ్చినవాళ్ల తిట్లు తిన్నాను. ఏ రోజూ ఏడు దాటాక షాపు తెరవలేదు. ఇప్పుడు నేను ఆలస్యంగా వచ్చిన మనిషిని.

కారెక్కాక క్లిఫర్డ్ నా మోకాలు తట్టాడు. "పోనీలే, కడదాం. పెయింట్ లోడు వస్తోందట, ఓరిన్ ఊళ్లో లేడు. షాపు వైపు పోనీ."

పోనిచ్చాను. గుమ్మం ముందు ఆపి, షాపు తాళాలు అతని చేతిలో పెట్టాను.

"నేనా? నా నడుం సంగతి తెలుసుగా!"

"పనేం కాదుగా క్లిఫర్డ్. ఊరికే సాయం."

తాళాల గుత్తి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మరి నువ్వేం చేస్తావ్ రోజంతా?"

డెబ్బై ఏళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. అతను దిగేదాకా ఇంజను ఆపకుండా కూర్చున్నాను.