నిమ్మలం మోతాదు

బాలరాజు నోటి చివర నుంచి చొల్లు కారి చొక్కా మీద పడింది. అమృతమ్మ కొంగుతో తుడిచింది. జరీ అంచు నేయడంలో గద్వాలంతా పేరున్న మొగుణ్ణి చంటిపిల్లాడిలా తుడవాల్సి వచ్చినందుకు ఆమెకు అసహ్యం పుట్టింది. అది మొగుడి మీద కాదు. ఆసుపత్రి బల్ల మీద పక్కనే కాళ్ళు చాపుకొని కూర్చున్న బావ శాంతయ్య మీద, లోపలి గదిలో ఉన్న డాక్టరు మీద.

ఎండాకాలంలో బాలరాజుకు మగ్గం గుంతలోంచి ఎవరో తిడుతున్నట్టు మాటలు వినపడటం మొదలైంది. తానూ తిరిగి తిట్టేవాడు, అరిచేవాడు. చీరల బేరానికి వచ్చే సావుకార్లు గడప తొక్కడం మానేశారు. కర్నూలు నుంచి వారానికోసారి వచ్చే పిచ్చి డాక్టరు దగ్గరికి శాంతయ్య ఒక్కడే పోయాడు. తమ్ముణ్ణి వెంటబెట్టుకొని బజారులో నడిస్తే పరువు పోతుందట! రోగి ఏడని డాక్టరూ అడగలేదు, గోలీలు రాసిచ్చేశాడు. వాటితో మాటలు వినపడటం తగ్గింది, అది ఒప్పుకోవాలి.

కానీ ఆ వెంటనే బాలరాజు కాళ్ళు నిలవకుండా పోయాయి. కూర్చుంటే లేచేవాడు, లేస్తే తిరిగేవాడు. "కాళ్లల్ల పురుగులు పారినట్లున్నది, కూసోనిస్తలేవు" అని ఏడ్చేవాడు. గోలీలు వేశాకే ఇదంతా అని అమృతమ్మ ఎంత మొత్తుకున్నా శాంతయ్య డాక్టరుకు చెప్పింది ఒకటే ముక్క.

"నిమ్మలం లేడు సార్."

పిచ్చి ముదిరిందనుకొని ఆయన మోతాదు పెంచాడు. మళ్ళీ అదే ముక్క, మళ్ళీ పెంపు. పాలమూరు వాళ్ళకు నిమ్మలమంటే ఒంట్లో బాగుండటం, మనసు కుదుటపడటం. డాక్టరు చెవికి మాత్రం అది నోరు మూసుకొని పడి ఉండటంగా వినిపించింది. శాంతయ్యకు కావలసిందీ అదే. చివరికి బాలరాజు కొయ్యబారిపోయాడు. మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడె చేతికిస్తే పట్టుకోలేకపోయాడు. ఆ వారం "నిమ్మలంగున్నడు సార్" అని చెప్పి వచ్చాడు ఆ మహానుభావుడు!

అందుకే ఈసారి అమృతమ్మ మొగుణ్ణి తానే నడిపించుకొని వచ్చింది. శాంతయ్య నాలుగడుగులు వెనకగా వచ్చాడు.

లోపలికి పోగానే డాక్టరు కుర్చీలోంచే చూసి నవ్వాడు. "భేషుగ్గా ఉన్నాడే! ఎంత నిమ్మళంగా కూర్చున్నాడో చూడమ్మా. ఇదే మోతాదు వాడండి."

అమృతమ్మకు ఒళ్ళు మండింది. "పీనుగ గూడ గింతే నిమ్మలంగుంటది సార్! జర ఆ చెయ్యి ముట్టి చూడున్రి."

డాక్టరు లేచి వచ్చి బాలరాజు మోచెయ్యి మడిచాడు. అది ఆగి ఆగి, తుప్పు పట్టిన గిలకలా కదిలింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. నిమ్మలం లేకపోవడమంటే ఏమిటని అప్పుడు అడిగాడు, అమృతమ్మ కాళ్ళ సంగతి మొదటి నుంచి చెప్పింది. అంతా విని గోలీ సగానికి తగ్గించాడు, బిగుసుకున్న ఒంటికి వేరే మందు రాశాడు. ఒక్కసారిగా మానేయవద్దని, ప్రతిసారీ మనిషిని తీసుకురమ్మని చెప్పాడు. మొదటి వారమే చేయాల్సిన పని ఇప్పుడు చేసినవాడికి అమృతమ్మకు దండం పెట్టబుద్ధి కాలేదు.

బయటికి రాగానే శాంతయ్య చెయ్యి చాచాడు. "తగ్గిస్తె మళ్ల తిట్టుకుంట ఒర్లుతడు. సావుకార్లొస్తె ఏం జెయ్యాలె? ఆ గోలీలు ఇటు తే, ఎన్ని ఎయ్యాల్నో నేను జూసుకుంట."

బావ ముందు ఎన్నడూ గొంతెత్తని అమృతమ్మ గోలీలు రొంటిన దోపుకుంది.

"ఒర్లితె నేను వింట బావా. నువ్వు చెవులల్ల దూది పెట్టుకో."