మెడ ముక్క

కరెంటు రంపం ఆపి ఫెలెతి రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు. కోల్డ్ రూమ్ పనిలో చేరిన కొత్తలో వేళ్లు మొద్దుబారితే కంగారుపడేవాడు. ఇప్పుడు మొద్దుబారకపోతే పని చేసినట్టే ఉండదు. ఎడమ చేతి చూపుడువేలి కొస ఎప్పుడో రంపం పాలైంది. ఆ వారం అది ఎవరింటి పొట్లంలో ఉడికిందోనని ఊళ్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. అందరికంటే ముందు నవ్వేది అతనే.

అది శనివారం. దుకాణం ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఆ వవావు దీవిలో పొట్లం విప్పని ఆదివారం ఆదివారమే కాదు. గొర్రె డొక్క మాంసాన్ని ఉల్లిపాయతో, కొబ్బరిపాలతో చామాకుల్లో చుట్టి, తెల్లవారుతూనే గుంటపొయ్యిలో వేడి రాళ్ల మీద పెట్టి మన్ను కప్పి, చర్చికి పోయి వచ్చి విప్పుకుంటారు. న్యూజిలాండ్ వాళ్లు తొడలు తాము తిని, తమ కుక్కలు కూడా ముట్టని డొక్కలు మనకు పంపుతున్నారని రేడియోలో ఒక డాక్టరు తిట్టిపోశాడు. ఫెలెతి కాదనలేదు. కానీ ఆ డొక్క తిని పెరిగాడు, దాన్ని కోసి బతుకుతున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదతను.

ఓడ ఆలస్యంగా వచ్చింది. దించిన పెట్టె మూత తీసి చూస్తే అందులో డొక్కలు లేవు. అన్నీ మెడలే. ఏ రేవులో ఎవడు ఏ పెట్టె మార్చాడో గాని, గుండ్రంగా, బండగా, నల్లగా గడ్డకట్టిన గొర్రె మెడలు. దుకాణం యజమానురాలు ఆతా ఒకదాన్ని చేత్తో ఎత్తి, దీన్ని ఎవరి నెత్తిన కొట్టమంటావని అడిగింది. వచ్చినవాళ్లు చూసి, ఎముక తప్ప ఏముంది ఇందులో అని మూతులు తిప్పుకుని, డబ్బా మాంసం కొనుక్కుని పోయారు.

వాళ్లకు డబ్బా మాంసంతో గడుస్తుంది. ఫెలెతికి గడవదు. వానలు మొదలైనప్పటినుంచి అతని అక్క లుపె మంచం దిగలేదు. ఈ వారమంతా కొబ్బరినీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. నిన్న మాత్రం, ఆదివారం తమ్ముడి పొట్లం తింటానని కూతురితో అన్నదట. ఇంటికొచ్చిన నర్సు, ఇంతకుముందు కొవ్వు పేరెత్తితే కళ్లెర్రజేసే మనిషి, అడిగింది పెట్టండి అని నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయింది. ఆ మాటకు అర్థమేమిటో ఇంట్లో అందరికీ తెలుసు.

అక్క నోరు తెరిచి అడిగింది జీవితం మొత్తంలో ఇదొక్కటే. ఆ ఒక్కటి అడిగిన వారమే చేతికి మెడలొచ్చాయి.

తల్లి పోయేసరికి ఫెలెతి ఇంకా బొడ్డూడని పిల్లవాడి కిందే లెక్క. లుపె వాడికంటే కాస్త పెద్దది. గొర్రె మాంసం ఆ ఊరికి కొత్తగా వచ్చిన రోజులవి. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియక, ఉడకబెట్టి, ఆ కమురు వాసనకు పారబోసుకునేవాళ్లు. లుపె పారబోయలేదు. ఒకసారి ఉడికించి పైన తేలిన కొవ్వు తీసేసింది, ఉల్లిపాయ దట్టించింది, లేత చామాకులు వెతికి తెచ్చింది. ఒకే చిప్పలో ఇద్దరూ తినేవాళ్లు. కండా కొవ్వూ తమ్ముడి వైపు తోసి తను ఎముకలు చప్పరించేది. నువ్వు తినవా అంటే, నాకు ఎముకలే ఇష్టంరా అనేది.

ఆ తరువాత వాడి గొంతు మారింది, మూతి మీద నూగు వచ్చింది. దాంతో ఆ ఒక్క చిప్ప రెండు చిప్పలైంది. అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చోకూడదు, ఎదురుబొదురుగా మాట్లాడకూడదు, అక్క వస్తువు తమ్ముడు ముట్టకూడదు. అది మర్యాద. పెరటి చివర గుడిసెలోకి మారిన ఫెలెతి మళ్లీ అక్క గడప తొక్కలేదు. పెళ్లీ చేసుకోలేదు. గొర్రె కంపు కొట్టే మొగుణ్ణి ఎవతె చేసుకుంటుందని తనే అనేవాడు.

ఎముకలే ఇష్టమన్న మాట మాత్రం వాడు మరిచిపోలేదు. పెద్దయ్యాక దాని అర్థం తెలిసింది. తన కడుపు నింపడానికి అక్క ఆడిన అబద్ధమది. అందుకే రంపం దగ్గర చేరిన తొలి శనివారం నుంచీ, వచ్చిన సరుకులో అందరికంటే ముందు అక్క ముక్క తీసి పక్కన పెట్టేవాడు. అన్నిటికంటే కొవ్వున్నది చూసి, చిన్న కత్తితో పక్కటెముకల కొసలు ఒక్కొక్కటే ఊడదీసి, పంటికింద ఒక్క ఎముక తగలకుండా చేసి పొట్లం కట్టేవాడు. ఏ ఆదివారమూ తప్పలేదు.

మెడలు రెండు సంచిలో వేసుకుని తల వంచుకుని ఇల్లు చేరాడు. లుపె కూతురు కలో పెరట్లో చాపలు ఎండేస్తోంది. మేనకోడలంటే అక్కడ మేనమామ మీద రాణీ కింద లెక్క, అతని ఇంట్లో ఏది కావాలన్నా అడక్కుండా పట్టుకుపోవచ్చు. అంచేత కలో ముందు సంచిలో చెయ్యి పెట్టి, తరువాత పలకరించింది.

"ఇదేంటి మావా, మెడలు తెచ్చావ్?"

"డొక్కలు రాలేదే." ఫెలెతి అరుగు మీద కూలబడ్డాడు. "పట్నం ఓడ ఇంకోటి ఉందేమోనని రేవుదాకా పోయొచ్చా. లేదు. అక్క నోరు తెరిచి అడిగితే ఎముకలు పంపాల్సొచ్చింది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

కలో చాప వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది.

"మావా, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకు. అమ్మ కొవ్వు తినదు."

"ఈ వారం ఏదీ తినట్లేదుగా."

"ఈ వారం కాదు. ఎప్పుడూ తినదు. నువ్వు పంపిందంతా మేమే తిన్నాం. నన్ను చూస్తే తెలీట్లా?" అంటూ తన నడుం వంక చూపించింది. "అమ్మ ఆకు తిని, పులుసు తాగేది. తమ్ముడు ఇన్నేళ్లొచ్చినా ఎముకలన్నీ తీసేసి పంపుతాడేంటే, ఒక్కటన్నా మర్చిపోడేంటే అని గొణుక్కునేది."

"మరి చెప్పొచ్చుగా నాకు?"

"ఎవరు చెప్తారు? తమ్ముడు పంపింది బాలేదని అమ్మ అంటదా? నేనన్నా నోరు తెరిస్తే నా వీపు పగిలేది. ఆవిడకి నిజంగానే ఎముకలంటే ప్రాణం మావా. మెడ ఎముకంటే మరీను."

ఫెలెతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లుగా ఏ మాటను అబద్ధమనుకుని రుణం తీర్చుకుంటున్నాడో, ఆ మాట ఆవిడ చెప్పిన నిజం. దేవుడు ఓడలో పెట్టె మార్చి పంపాడంటే ఊరికే పంపలేదనిపించి, తల ఎత్తి ఆకాశానికి ఒక దండం పెట్టాడు.

మెడ వండటం అతనికి కొత్త. డొక్క అయితే కళ్లు మూసుకుని చేస్తాడు. రంపం మీద చక్రాల్లా కోసి తెచ్చిన ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసి, ఎముక పొడి పోయేదాకా బొటనవేలితో రుద్దాడు. ఇంత కండ ఎముకని పట్టుకుని ఉంటే రాళ్ల వేడొక్కటే చాలదనిపించి, సాయంత్రమే కుండలో ఉల్లిపాయతో సన్నమంట మీద పెట్టాడు. తేలిన కొవ్వు తీస్తూ, అక్క అప్పట్లో గరిట ఎలా వంచేదో అలాగే వంచి తీశాడు. ముక్క వేలితో నొక్కితే మెత్తబడాలి గాని ఎముక వదలకూడదు. వదిలితే ఇక చప్పరించడానికేముంటుంది? దొరల పండక్కి వండుతున్నంత శ్రద్ధగా పొయ్యి ముందు కూర్చున్నాడు.

తెల్లవారాక లేత చామాకుల ఈనెలు తీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, ముక్కలు పేర్చి, కొబ్బరి తొలిపాలు పోసి, సెగ చూపిన అరటాకులో చుట్టి నారతో కట్టాడు. గుంటలో పెట్టి మన్ను కప్పాడు. గంటలు మోగాయి. ఊరంతా తెల్లబట్టల్లో చర్చికి కదిలింది. ఫెలెతి వెళ్లలేదు, చర్చికని నడుముకు చుట్టుకునే చాప కూడా బయటికి తియ్యలేదు. అందరూ వచ్చేదాకా ఆగడానికి మనసొప్పక గుంట తవ్వి, ఆ ఒక్క పొట్లం తీసి, గుమ్మంలో కలో చేతికిచ్చాడు. ఇంటి వెనక్కి వెళ్లి, అక్క మంచం పక్క కిటికీ కింద, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

ఆకు విప్పిన వాసన కిటికీలోంచి వచ్చింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. అప్పుడు సర్రుమని చిన్నగా జుర్రిన చప్పుడు. ఒక చిప్ప ముందు ఇద్దరూ కూర్చున్న రోజుల తరువాత ఫెలెతి మళ్లీ ఆ చప్పుడు వినలేదు. ఊపిరి బిగబట్టి విన్నాడు. ఇంకోసారి వచ్చింది. మూలుగ కోసం పీలుస్తోంది.

"మీ మావకి చెప్పు," లుపె గొంతు పల్చగా వచ్చింది. "మెడ బాగుందని. ఇప్పటికి మర్చిపోయాడు ఎముకలు తియ్యడం."

కలో కిటికీ దగ్గరికొచ్చి, అతను విన్న మాటనే అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెప్పింది.

ఫెలెతి గోడకు ఆనుకునే అన్నాడు. "మీ అమ్మకి చెప్పు. నాకు అమ్మ లేదన్న సంగతే తెలీలేదని. పొట్ట నిండా తిన్నానని, ఇన్నేళ్లూ."

కలో లోపలికి తిరిగి ఆ మాట చెప్పబోయింది. చెప్పక్కర్లేదన్నట్టు లోపల మంచం మీద నవ్వు వినబడింది.

చర్చిలో పాట మొదలైంది. ఊరంతా ఒక్క గొంతై పాడుతుంటే గోడ కూడా మోగుతున్నట్టుంది. జుర్రిన చప్పుడు వినబడుతోందో లేదో ఫెలెతికి తెలియలేదు. పాట అయిపోయాక తెలిసింది, లేదని. కలో పెరట్లోకి వచ్చి, అతని పక్కన మట్టిలో కూర్చుంది.

అప్పుడు కూడా అతను లోపలికి వెళ్లలేదు, వెళ్లకూడదు. చావింట కట్టుకునే పెద్ద చిరుగు చాప నడుం నుంచి మెడదాకా చుట్టుకుని, ఇంటి వెనక గుంటపొయ్యి దగ్గర తన చోటికి వెళ్లాడు. అక్క చావుకు తమ్ముడి చోటు అదే. ముందు వాకిట్లో పెద్దలు కూర్చుని పాడుతుంటే, వచ్చిన ప్రతి ఒక్కరికీ అక్క పేరున వండి పెట్టాడు. ఓడ మళ్లీ వచ్చింది, డొక్కలొచ్చాయి. ఎవరి ముక్కలోనూ ఎముక తియ్యలేదు. వాళ్లు తిని బాగుందన్నప్పుడల్లా, ఆ మాట అక్కదాకా చేరుతోందని సంతోషపడ్డాడు.

అందరూ వెళ్లిపోయాక కలో గది ఊడ్చింది, చాపలు మార్చింది. అక్క ఎంగిలి తమ్ముడు ముట్టకూడదు, పారేయడానికి కూతురికి చేతులు రాలేదు. కిటికీ గూట్లో, అతను గోడకానుకుని కూర్చున్న చోటికి సరిగ్గా పైన, ఆ మెడ ఎముక అలాగే ఉండిపోయింది, పిసరు కండ లేకుండా, తెల్లగా.