నమూనా దీపం

ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ముదిరాక దిద్దిన అక్షరాలు, చెయ్యి నిదానం.

దీపాల ఫ్యాక్టరీలో ఆయన బల్ల మీద అప్పటికే ఒక ఎల్‌ఈడీ దీపం వెలుగుతోంది. అది నమూనా. మా ఆయన కొత్తదాన్ని దాని పక్కన పెట్టి వెలిగించి, తెల్ల అట్ట మీద పడిన రెండు వెలుగులనూ చూస్తున్నాడు. నీలం తగిలితే ఎడమ ట్రే, పసుపు తగిలితే కుడి ట్రే, నమూనాతో కలిస్తే మధ్యది. ఒంటరిగా చూస్తే ఏ దీపమైనా తెల్లగానే ఉంటుంది, పక్కన ఇంకోటి పెడితేనే దాని రంగు బయటపడుతుంది అనేవాడు.

ఆ రోజు మాత్రం రెండు వెలుగులూ కలిసినా ఆయన చెయ్యి ట్రే వైపు కదల్లేదు. పొద్దున సూపర్‌వైజరు అన్న మాట చెవిలోనే ఉంది.

"బాబాయ్, ఆసుపత్రి వాళ్ళు సరుకు తిప్పి పంపారు. ఒక దీపం కింద రోగికి కామెర్లట, మంచం పక్కకి జరిపితే నయమైపోతున్నాయట. పసుపువన్నీ నీ బల్ల మీంచి పోయినవే."

పక్క బల్ల ఆమె నవ్వింది. "కళ్ళు అత్తారింట్లో మర్చిపోయొచ్చావా అన్నయ్యా?"

ఆయనా నవ్వాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఏమనుకోకు. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి పంపమన్నారు. చూపు బాగాలేదంటే ఇక రానివ్వరు" అన్నాడు సూపర్‌వైజరు, ముఖం పక్కకి తిప్పుకుని.

సాయంత్రం చెప్పులు విప్పకుండానే వంటింట్లోకొచ్చి పాలగిన్నె మీదికి వంగాడు.

"ఇవి తెల్లగా ఉన్నాయా?"

"పాలు తెల్లగా కాక నల్లగా ఉంటాయా?" అన్నాను.

"నాకు తెలీట్లేదే."

ఉప్పు, గోడ సున్నం, నా నెరిసిన జుట్టు, ఒక్కొక్కటే దగ్గరగా చూశాడు. దేన్నీ నమ్మలేదు.

"ఈ పని తప్ప నాకేం చేతనవును? ఈ వయసులో ఇంకెవరు రానిస్తారు?"

కుర్చీలో కూలబడి అరచేతులతో కళ్ళు మూసుకున్నాడు. టీ తెచ్చేసరికి చేతులు ఒళ్ళోకి జారి ఉన్నాయి. కునుకు పట్టిందనుకుని గ్లాసు మీద మూత పెట్టాను. ఆ టీ అలాగే ఉండిపోయింది.

పెద్దకర్మ అయిపోయాక సూపర్‌వైజరు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పిన్నీ, బాబాయి కళ్ళకేం కాలేదు. ఏళ్ళ తరబడి రోజంతా వెలిగి వెలిగి ఆ నమూనా దీపమే పసుపెక్కింది. దాన్ని మార్చాలని మాకెవరికీ తట్టలేదు."

గుడ్డలో చుట్టి తెచ్చిన ఆ దీపాన్నే నా చేతిలో పెట్టాడు.

దాని వెలుగులోనే అక్షరాలు నేర్చుకున్నాను. గదిలో అదొక్కటే. నాకు తెల్లగానే కనిపిస్తుంది.

ఇట్లు,
దీపాలాయన భార్య. అరవై ఆరేళ్ళు. ఇప్పుడుండేది కూతురింటి వెనక గదిలో, ఆ దీపం కింద.