రుమాలేసిన దుంగ

వాగు పొంగిందంటే సిరికొండ అడవి అంచున ఉన్న ఆ పల్లెలో మగవాళ్ళు ఇంట్లో కూర్చోరు. కొక్కెం కట్టిన వెదురు గడలు పట్టుకొని వంతెన మీదికి ఉరుకుతారు. గుట్టల్లో కూలిన చెట్లు, దుంగలు వరదలో కొట్టుకొస్తాయి. ఎవడి తలరుమాల ముందు కట్టె మీద పడితే ఆ కట్టె వాడిది. రుమాల పడ్డాక కన్నతండ్రి అయినా చెయ్యి వెయ్యకూడదు. వేస్తే తలకాయలు పగులుతాయి. పగిలాయి కూడా.

ఆ ఏడు శ్రావణంలో గంగమణి మగడు భోజన్న ఎర్ర రుమాల పడింది మామూలు కట్టె మీద కాదు, టేకు దుంగ మీద; పడి దాని కొమ్మ మొద్దుకు చిక్కుకుంది. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు. గట్టు మీద నిలబడి చూస్తున్న గంగమణి కొంగుతో మొహం మీది వాన తుడుచుకుని మళ్ళీ చూసింది. బీడీలు చుట్టి వేళ్ళు అరగదీసుకున్న ఆమె జన్మలో కోరింది ఒక్క తలుపు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ గుడిసెకు గోనెపట్టానే తలుపు. కుక్కలు దూరి అన్నం తినిపోయేవి. ఒకసారి తాగుబోతు ఒకడు దూరి, దర్జాగా పండుకుని, ఎందుకు లేపుతున్నావని ఆమెనే తిట్టాడు.

పోయినేడు భోజన్న ఎట్లాగో నాలుగు టేకు పలకలు సంపాదించాడు. వాటిని మోయించుకుపోయింది ఎవరనుకున్నారు? ఆమె సొంత అన్న, ఫారెస్టు వాచరు రామ్‌దాస్. తోడబుట్టిన చెల్లెలి వాకిట్లోంచి, సర్కారు సొమ్మంటూ పలకలు మోయించి, బావను ఆఫీసు ముందు గుంజీలు తీయించాడు మహానుభావుడు. అప్పటి నుంచి అన్న పేరు వింటే ఆమె నేల మీద ఉమ్మేది. మొన్న రాఖీ పున్నానికి అతడు వాకిట్లో చెయ్యి చాపి నిలబడితే, గోనెపట్టా దించి లోపలే కూర్చుంది.

చెరుకు కాలంలో భోజన్న బోధన్ దిక్కు బండి తోలేవాడు. చెరుకు లోడుకు బిగించే మోకు తెచ్చి, ఆ లావు తాడుతో దుంగకు ఉచ్చు వేసి, తాడు నడుమను వంతెన రెయిలింగు దిమ్మెకు చుట్టాడు. దుంగ అడ్డం తిరిగి, వంతెన కింద నీళ్ళు పోయే మూడు ఖానాలనూ మూసేసింది. దాని వెనక చెట్ల కొమ్మలు, కంపలు, చచ్చిన బర్రె ఒకటి వచ్చి ఇరుక్కున్నాయి. నీళ్ళు ఎగదన్ని రోడ్డు అంచు తాకాయి. గంగమణి వంతెన మీదికి, భర్త దగ్గరికి నడిచి వచ్చి, తడి దుంగను పైనుంచి కండ్ల నిండా చూసుకుంది.

"వాగు జర తగ్గనీ, ఎడ్లు గట్టి గుంజుత" అన్నాడు భోజన్న. "గుమ్మానికి దర్వాజ, దానికి తలుపు. మిగిల్తె నీకో మంచం."

అప్పుడే దిగబడ్డాడు రామ్‌దాస్. చేతిలో గొడ్డలి, తొడల దాకా బురద.

"జరుగు బావా, తాడు కోస్త. గుట్ట మీద రోడ్డంత కొట్కపోయింది. పైన రెండు వంతెనలు లెవ్వు. ఇగ అడవిలున్నోళ్ళకు గిదొక్కటే దారి. ఖానాలు మూస్కపోయినయ్, గిది గూడ పోతది."

"పోయినేడు సర్కారు సొమ్మంటివి. గియ్యాల వంతెనంటున్నవ్" అన్నాడు భోజన్న. "మా ఇంటికి కట్టె వస్తుంటే నీ కడుపు మండుతది. సక్కగ గట్ల జెప్పు."

"నీ దుంగ నాకెందుకు? నీళ్ళను సూడుండ్రి ఒకసారి."

ఎవరు చూస్తారు? ముందే నమ్మకం పోగొట్టుకున్నవాడు నమ్మించాల్సిన రోజున నిజం చెప్పినా అబద్ధంలాగే వినపడుతుంది. గంగమణికి కనిపించింది అన్న చేతిలోని గొడ్డలి ఒక్కటే. ఈసారి తలుపును చెక్క కాకముందే మోసుకుపోవడానికి వచ్చాడనుకుంది.

రామ్‌దాస్ గొడ్డలి ఎత్తాడు. అది మోకు మీద పడేలోపే భోజన్న దోస్తు ఆత్మారాం చేతిలోని వెదురు గడ అతడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వాగు హోరులో కూడా వినపడింది. గొడ్డలి జారింది. రెండో దెబ్బ నుదుటి మీద. చర్మం చీలి, నెత్తురు వానతో కలిసి కండ్లలోకి కారింది. కింద పడ్డవాణ్ణి భోజన్న డొక్కలో తన్నాడు, గుంజీల కసి తీరేదాకా తన్నాడు. అన్న అరవలేదు, మూలిగాడు. గంగమణి అడ్డం పోలేదు. అబద్ధమెందుకు, ఆ ఒక్కొక్క తన్నుకూ ఆమె కడుపు చల్లబడింది.

రామ్‌దాస్ బోర్లా పడి, విరగని చెయ్యి గొడ్డలి వైపు చాపాడు. గంగమణి ముందు అందుకుంది.

"ఇగ కొయ్యి" అని, గొడ్డలిని గిరగిరా తిప్పి వాగులోకి విసిరేసింది.

మగవాళ్ళు నవ్వారు. భోజన్నకు హుషారొచ్చి, దిమ్మెకు చుట్టగా మిగిలిన మోకు కొసను తన నడుముకు రెండు చుట్లు చుట్టి, ముడి బిగించాడు.

"దుంగ గావాల్నంటే నన్ను నరికి తీస్కపో బావా."

కాళ్ళ కింద నేల ఊగింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తారులో పగులు ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. ఆత్మారాం గడ పారేసి గట్టుకు ఉరికాడు. మిగతావాళ్ళూ ఉరికారు. రామ్‌దాస్ లేచి, చెల్లెలి జుట్టు దొరకబుచ్చుకొని గట్టు వైపు ఈడ్చాడు. వాళ్ళ వెనకే వంతెన నడిమి పలక విరిగి వాగులో కూలింది. రెయిలింగు దిమ్మె కూడా పెళ్ళగిలి పోయింది. ఉరుకుతున్న భోజన్నను నడుము దగ్గర ఎవరో పట్టి లాగినట్టు మోకు వెనక్కి ఈడ్చింది.

అతడు వెల్లకిలా పడి, రోడ్డు మీద రాసుకుపోయి, విరిగిన అంచున బయటపడ్డ ఇనుప సలాకకు కాలు తన్ని ఆగాడు. సలాక మడమలో దిగబడింది. కింద దుంగ కూలిన పలకకు ఒరిగి ఆగింది. ఎంతసేపు ఆగుతుందో వాగుకే తెలియాలి.

రామ్‌దాస్ వెనక్కి ఉరికి, బావ చంక కింద విరగని చెయ్యి దూర్చి, తన ఒళ్ళంతా బరువు వేసి పట్టుకున్నాడు. గంగమణి ముడి మీద పడింది. తడిసిన మోకు బిగుసుకుపోయి రాయిలా ఉంది. గోళ్ళు లేచిపోయాయి. ముడి కదల్లేదు.

"కొయ్యే గంగీ, కొయ్యే" అన్నాడు భోజన్న. అతడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"గొడ్డలియ్యి అన్నా" అందామె. "అన్నా, నీ గొడ్డలేది?"

రామ్‌దాస్ నెత్తురు కారుతున్న కండ్లతో చెల్లెల్ని ఒకసారి చూశాడు, అంతే. ఆ చూపుతో ఆమెకు గొడ్డలి ఎక్కడుందో గుర్తొచ్చింది. వంగి మోకును పళ్ళతో పట్టి కొరికింది. కుక్క ఎముకను కొరికినట్టు కొరికింది. పన్ను ఊడింది, చిగుళ్ళు చీరుకుపోయాయి. ఒక్కొక్క పీచే తెగుతోంది.

కింద దుంగ కదిలింది.

రామ్‌దాస్ చెయ్యి ఒక్కసారిగా ఖాళీ అయింది. అతడు అదే చేతితో చెల్లెలి నడుము పట్టి అంచు నుంచి వెనక్కి లాగాడు. ఆమె నోటి నిండా నెత్తురు, మోకు పీచు. భోజన్న లేడు. దూరంగా మలుపు దగ్గర టేకు దుంగ ఒకసారి పైకి తేలింది, దాని మీద ఎర్రటి రుమాల ఇంకా అట్లాగే ఉంది.