తల ఆనే చోటు

మైదా పిండి ఉడికేటప్పుడు ఉండ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. అట్లా రెండు గిన్నెల జిగురు ఉడకబెట్టాను ఆ రోజు. బెంగళూరు దండులో, తెల్లవాళ్ల బంగళాలుండే వైపు, ఎవరో దొర ఖాళీ చేసిపోయిన బంగళా సామాను వేలం వేస్తుంటే, మా ఆయన గోడలకు అతికించే పూల కాగితం నాలుగు చుట్టలు కొనుక్కొచ్చారు. లేత పచ్చ మీద గులాబీలు. హిందూపురంలో మేముండే ఇంట్లో నడవ గోడ ఒక్కదానికే అది సరిపోయింది.

ఆయనకు కావలసిందీ ఆ గోడే. కిటికీ పక్కన, నేల మీద కూర్చుంటే తల ఆనే ఎత్తులో అరచేతంత నల్లటి మరక ఉండేది. అది నాది. పెళ్లయిన ఎనిమిదేళ్లుగా మధ్యాహ్నం గిన్నెలు తోమి, ఉతికిన బట్టలు ఆరేసి, మళ్లీ కాఫీ వేళ అయ్యేదాకా నేను కాళ్లు చాపుకునేది అక్కడే. మా పాప గౌరికి పాలిచ్చిందీ అక్కడే. తలకు ఆముదం రాసుకోవడం నాకు పుట్టింటి అలవాటు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా నూనె మళ్లీ పైకి తేలేది. "మీ పల్లెటూరి తలకాయలు గోడను నాశనం చేసినాయి. నలుగురొస్తే నాకు తల కొట్టేసినట్లుంటాది" అనేవారు ఆయన. నేను గోడ వైపు చూసి తల వంచుకునేదాన్ని, ఏదో దొంగతనం బయటపడినట్టు.

పీట మీద స్టూలు వేసుకుని, పువ్వుకు పువ్వు కలిసేటట్టు రెండు రోజులు ఒక్కదాన్నే అతికించాను. ఆదివారం ఆయన పై అధికారి తన భార్యతో కలిసి కాఫీకి వచ్చి గోడ చూసి మెచ్చుకున్నాడు. "బెంగళూరు నుంచి మనిషిని పిలిపించి వేయించినా సార్" అన్నారు మా ఆయన. కాఫీ ఇస్తున్న నా గోళ్లలో ఎండిన జిగురు ఇంకా ఉంది. కోపం రాలేదు, నిజం చెప్పాలి కదా. గోడ ఎంత బాగుందో అని ఆమె అంటుంటే నేను మురిసిపోయాను. ఆ మురిపెమే నన్ను ముంచింది.

మరుసటి వారం ఆమె ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది, పూల గోడ చూపించడానికి. వాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉండగానే మా అమ్మ దిగింది. అగళి దగ్గర మా పల్లె నుంచి బస్సులో చోటు లేక నిలబడే వచ్చిందట. నెత్తిన అనపకాయల మూట, చంకలో బట్టల సంచి. మూట దించి అందరికీ దండం పెట్టి, ఎప్పుడూ కూర్చునే చోట, ఆ కిటికీ పక్కనే కూలబడి తల వెనక్కి వాల్చింది.

"అమ్మా! గోడకు ఆనుకోవద్దు!"

ఆ గొంతు నాదే. కానీ అచ్చం ఆయన గొంతు.

అమ్మ ఉలిక్కిపడి ముందుకు వంగింది. "అయ్యో, నేను చూసుకోలేదు మే. మరక పడిందేమో" అంటూ కొంగుతో ఆ గులాబీలను తుడిచింది. చెరిగే మరక ఏమీ లేదక్కడ. అయినా తుడుస్తూనే ఉంది. వచ్చినవాళ్లు చూపు తిప్పుకున్నారు. ఆ తర్వాత అమ్మ నడవ మధ్యకు జరిగి, ఏ ఆసరా లేకుండా నిటారుగా కూర్చుంది. గంటన్నర పైగా. నేను కాఫీలిస్తూ, పలకరిస్తూ, ఆమె నడుము వైపు చూడకుండా తిరిగాను. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. ఆ సంచిలో నాలుగు రోజులకు సరిపడా చీరలు తెచ్చుకుందని నాకు తెలుసు.

రెండు నెలలు గడిచాయి. నిన్న మా తమ్ముడు తిప్పేస్వామి వచ్చాడు. "అమ్మను ఎందుకు తోడుకురాలేదురా?" అన్నాను.

"రమ్మంటే రానంటాది అక్కా. మీ ఇంట్లో యాడ కూర్చోవాల్నో తెలీదంట" అని నవ్వాడు. వాడికి సంగతి తెలియదు. నేను వంటింట్లోకి వెళ్లి, పొయ్యిలో లేని పొగకు కళ్లు తుడుచుకున్నాను.

ఈ మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక ఆముదం సీసా తీశాను. మాడు నుంచి మెడ మీదికి కారేటట్టు తలకు పట్టించాను. నడవలోకొచ్చి కిటికీ పక్కన కూర్చుని, కాళ్లు చాపి, తల వెనక్కి వాల్చాను. జిగురు కట్టిన కాగితం తల వెనక చిన్నగా చప్పుడు చేసింది.

పలక మీద రాసుకుంటున్న గౌరి బెదిరిపోయింది. "అమ్మా, ఆనుకోవద్దు! నాయన అరుస్తాడు!"

ఏడేళ్ల పిల్ల. నా మాటే, నా గొంతుతోనే అంది.

"అరవనీలే. నువ్వూ వచ్చి ఆనుకో."

బిడ్డ అనుమానంగా వచ్చి నా పక్కన కూర్చుంది. మొదట నిటారుగానే. కాసేపటికి తల వాల్చింది. ఆయన వచ్చి ఎవరిదీ మరక అని అడిగితే ఏం చెప్పాలో వెతుక్కోనక్కరలేదు, నాదే. వచ్చే ఆదివారం అగళి బస్సెక్కి అమ్మను నేనే తోడుకొస్తాను. ఆమె ఇక్కడ కూర్చునేలోపల ఈ పూల మీద మరక బాగా ముదిరి ఉండాలి.