పలక కింది తల

సొలొమోను ఘోడా మీద గొంతుక్కూర్చుని గుడ్డని మెలిపెడుతున్నాడు. ఒక కొస పళ్ల మధ్య, రెండో కొస గుప్పిట్లో. పెళ్లాం దోర్కా పాత నేతచీర చింపి ఇచ్చిన ముక్క అది. ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. మెలి బిగిశాక గుండ్రంగా చుట్టి, కొసని లోపలికి దోపి, అరచేత్తో అదిమి నడినెత్తిన పెట్టుకున్నాడు. గోల్‌బజార్లో చేపల గంపలు మోసేవాళ్లు పెట్టుకునే చుట్టకుదురు లాంటిదే. వాళ్ల గంప ఎక్కడో ఒకచోట దిగుతుంది. సొలొమోను నెత్తి మీది బరువు దిగదు, పైకి అతుక్కుంటుంది. అది అతుక్కోగానే ఇంకొకటి వస్తుంది.

"తేరా," అన్నాడు లేచి.

బామ్మర్ది ఏలియా కిందనుంచి పలక అందించి తనూ ఎక్కాడు. ఘోడా అంటే నాలుగు కాళ్ల చెక్కబల్ల. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే మూడోవాడికి చోటుండదు. సన్న చిల్లులున్న నల్లటి జిప్సం పలకని సొలొమోను రెండు చేతులా ఎత్తి, పైనున్న ఇనప చానళ్లకి ఆనించి, కింద తల పెట్టి, చేతులు వదిలేశాడు. ఇప్పుడు దాన్ని మోస్తున్నది మెడ. ఏలియా డ్రిల్లు ఎత్తి అంచు వెంబడి స్క్రూలు బిగించుకుంటూ వచ్చాడు. పిండి లాంటి దుమ్ము రాలి సొలొమోను కనుబొమ్మల మీద పడుతోంది. తుడుచుకోవడానికి వీల్లేదు. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఇద్దరి మొహాల మధ్యా జానెడు దూరం. బావ నోట్లోంచి వచ్చే జర్దా వాసన ఏలియాకి ఎంత అలవాటంటే, తన ఇంట్లో అది లేనప్పుడే వింతగా ఉంటుంది.

మెడ నరం ఒకటి చర్మం కింద అదురుతోంది. ఏలియా దాన్ని చూడకుండా స్క్రూనే చూశాడు.

ఖరగ్‌పూర్‌ మలంచా రోడ్డు మీద కిరణ్‌కుమార్ గారి మేడలో పై గది అది. ఆయన రైల్వేకి సామాన్లు సరఫరా చేసే కాంట్రాక్టరు. ఇంట్లోనే సినిమా హాలు కావాలన్నారు. కిటికీలు ఇటుకలతో మూయించారు, గోడలకి మెత్తలు కొట్టించారు, తలుపుకి అంచులంతా రబ్బరు పెట్టించారు. సీలింగు పైన చప్పుడు మింగే రాక్‌వుల్ కూరి, కింద ఈ పలకలు. కింద రోడ్డు మీద బస్సులూ ఆటోలూ పోటీపడి హారన్లు కొడుతుంటే ఇక్కడ తలుపు వేస్తే ఏమీ లేదు. రైలు కూత వినపడకపోతే నిద్రపట్టని ఊళ్లో చప్పుడు రాకుండా ఉండటానికి డబ్బు పోసేవాళ్లున్నారు. ఉండనీ. వాళ్ల వల్లే ఏలియా పొయ్యి వెలుగుతోంది.

ఇవాళే చెప్పాలి. పొద్దున్న పూరీ గేట్ దగ్గర బావ ఆటో ఎక్కినప్పుడు చెబుదామనుకున్నాడు. తర్వాత మొదటి పలకకి ముందు అనుకున్నాడు. ఆ మాట చిన్నదే. ఈ ఇంట్లో పని అయ్యాక బావ ఇక రానక్కర్లేదు. ఏలియా మెషీను కొన్నాడు. చక్రం తిప్పితే ఇనప చేతులు పలకని సీలింగు దాకా ఎత్తుతాయి, స్క్రూలు పడేదాకా కదలకుండా పట్టుకుంటాయి. తరువాతి పని మొదలయ్యేదాకా గోల్‌బజార్లో హార్డ్‌వేర్ షాపులోనే ఉంచమన్నాడు. బావకి తెలియదు. బావ భార్య, తన సొంత అక్క దోర్కాకి అసలే తెలియదు.

కిందటి నెల ఒక బట్టల కొట్లో బావ మెడ ఉన్నట్టుండి వాలిపోయింది. పలక జారి మూల విరిగింది. కొట్టువాడు అన్న మాటలు ఏలియా పడ్డాడు. బావ వంగి ముక్కలు ఏరాడు, ఎడమ చేతిలోకి తీసుకున్న ముక్క మళ్లీ జారిపోయింది. అప్పుడు తెలిసింది ఏలియాకి ఆ చేతికి స్పర్శ తగ్గిందని. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద దోర్కా పక్కకి పిలిచింది.

"ఆ మెడ సూడరా తమ్ముడా. రేత్రంతా సెయ్యి జాడించుకుంటాడు. సొక్కాకి గుండీలు నానే పెడతన్నాను."

"పని మానిపిద్దామా అక్కా?"

"ఆ మాట మాత్రం అనకు. ఇంట్లో కూకుంటే ఆ మనిసి ఉండడు. నువ్వే ఏదో సూసుకో."

ఏదో చూసుకోమంది. మెషీను చూసుకున్నాడు.

బావ మెడ కోసమే అని చెబితే అబద్ధం కాదు. అదే బాధ. ఒట్టి అబద్ధమైతే నోరు తిరిగేది. మెడ కోసం కొంత, బావ నెమ్మదించాడని కొంత. రేపు పెద్ద పనులు వస్తే ముసలాణ్ని వెంటేసుకుని వెళితే ఎవరిస్తారన్నది ఇంకొంత. ఏది ఎంతో ఏలియా తేల్చుకోలేదు. తేల్చుకునే ధైర్యం లేదు.

సొలొమోను తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. ఆయన రిటైరవగానే క్వార్టరు పోయింది. సొలొమోను రైల్వే పరీక్షలు రాస్తూనే వయసు దాటించాడు. తరువాత సున్నాలు, తరువాత రంగులు, తరువాత ఈ సీలింగులు. దోర్కాని చేసుకున్న కొన్నాళ్లకి మామగారు పోయారు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి గేటు దగ్గర తిరుగుతున్న బామ్మర్దిని పనిలోకి తీసుకొచ్చి వాడి చేతికి డ్రిల్లు ఇచ్చింది సొలొమోనే.

"నువ్వు కుర్రోడివి. సేతిపని నేర్సుకో. ఓ పూట నీ నెత్తి, ఓ పూట నా నెత్తి."

అదీ ఒప్పందం. కొన్నాళ్లు నడిచింది. ఒకరోజు ఏలియా మెడ పట్టేసి కళ్లనీళ్లు పెట్టుకుంటే సొలొమోను వాడి నెత్తి మీది చుట్టకుదురు తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. "రేపు నీదిలే," అన్నాడు. ఆ రేపు రాలేదు. ఏలియా అడగలేదు. అడక్కుండా ఉండటం ఏలియాకి డ్రిల్లు కంటే ముందే వచ్చిన విద్య. ఇక ఈ లోకం సంగతి తెలిసిందే. డ్రిల్లు పట్టినవాడు మిస్త్రీ, తల పెట్టినవాడు హెల్పరు. ఖరగ్‌పూర్‌లో ఇవాళ ఎవర్ని అడిగినా ఏలియా మిస్త్రీ అంటారు. సొలొమోను పేరు అడిగేవాడు లేడు. అతని నడినెత్తిన జుట్టు అరిగిపోయి రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ ఏర్పడింది, అంతే.

తలుపు తోసుకుని కిరణ్‌కుమార్ గారి భార్య మీనాకుమారి టీ పట్టుకొచ్చింది. పైకి చూసింది.

"ఏటి మిస్త్రీ, ఇయ్యాలకి అయిపోద్దా?"

"అయిపోద్దమ్మా. సాయంత్రానికి."

"బాగుందిగాని మా కొంప మునిగినట్టే. ఇప్పుడే నాను పిలిస్తే పలకరు. రేపట్నించి ఇనపడనేదని సెప్పుకోడానికి గదొకటి కట్టించుకున్నారు."

సొలొమోను పలక కిందనుంచే, తల కదపకుండా అన్నాడు: "పిలవకండమ్మా. కరెంటు మెయిన్ తీసెయ్యండి. ఆరే ఒస్తారు."

ఆవిడ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు గోడలకి తగిలి ఎక్కడికక్కడ ఆగిపోయింది.

మధ్యాహ్నం పాన్ ఉమ్మడానికి సొలొమోను వరండాలోకి వెళ్లాడు. తలుపు వెనకాలే మూసుకుంది. ఏలియా లోపల కొలతలు గీస్తున్నాడు. బావ ఎంతకీ రాకపోయేసరికి తలుపు తీశాడు. మెట్ల మలుపులో సొలొమోనూ, షాపు బండి డ్రైవరూ కలిసి ప్లాస్టిక్ చుట్టిన ఇనప సామానొకదాన్ని పైకి మోసుకొస్తున్నారు. ఏలియా చూడగానే గుర్తుపట్టాడు, తన మెషీనే. షాపులో చోటు లేక పంపేసినట్టున్నారు. ఆ తెలివితక్కువ దద్దమ్మలకి ఇవాళే దొరికింది.

డ్రైవరు సామాను దించి, తొందర పనుందంటూ చెయ్యూపి దిగిపోయాడు.

"ఎవరిదిరా ఇది?" అన్నాడు సొలొమోను రొప్పుతూ.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు ఇవ్వడు.

"ఏసీ పెట్టేవాళ్లదేమో బావా. గదిలో ఓ మూల పెడదాం."

"ఓహో," అన్నాడు సొలొమోను. "ఏసీవోళ్లదా."

మూలకి చేర్చాక ప్లాస్టిక్ విప్పాడు. కాళ్లు విడదీసి నిలబెట్టాడు. చక్రం పట్టుకుని కుడిచేత్తో తిప్పాడు. ఇనప చేతులు చప్పుడు లేకుండా లేచాయి. కిందకి దించాడు, మళ్లీ లేపాడు. పండగకి బొమ్మ కొనిచ్చిన పిల్లాడిలా ఉంది మొహం. ఏలియా అటు చూడలేక అన్నం కారియర్ విప్పాడు. దోర్కా ఇద్దరికీ కలిపి ఒకే కారియర్ కడుతుంది. చేపముక్కల గిన్నెలో పెద్ద ముక్క ఎప్పుడూ తమ్ముడి వైపే ఉంటుంది.

"ఇది బాగుందిరా," అన్నాడు సొలొమోను అన్నం కలుపుతూ. "దీనికి మెడ నేదు. నొప్పెట్టదు. పాన్ తినదు. నీ అక్కలాగ సణగదు."

"తిను బావా."

"ఒకటే లోటు. ఆ సేతులు ఒట్టి ఇనుం. రంగు ఏసిన పలకకి గీత పడిపోద్ది. మజ్జిలో మెత్తగా ఏదైనా ఎట్టుకోవాల ఆళ్లు."

ఏలియా పెద్ద ముక్కని బావ కంచంలోకి తోశాడు. సొలొమోను దాన్ని చూసి తినేశాడు. ఎప్పుడూ వెనక్కి తోసేవాడు.

సాయంత్రానికి ఒక్క పలక మిగిలింది. మెషీను అక్కడే ఉంది. దాంతో ఎత్తుదామని నోటిదాకా వచ్చింది ఏలియాకి. ఏసీవాళ్లదని చెప్పాక ఎలా అనడం. సొలొమోను గుడ్డని విదిలించి, మళ్లీ మెలిపెట్టి, కొస దోపాడు. ఎడమ చేతి వేళ్లు మాట వినక కొస రెండుసార్లు జారింది. మూడోసారి పళ్లతో లాగి బిగించాడు.

పలక పైకి వెళ్లింది. తల కిందకి వెళ్లింది. చేతులు కిందకి దిగాయి.

మొదటి స్క్రూ పడింది. జానెడు దూరంలో బావ కళ్లు మూసుకుని ఉన్నాయి. ఇంతకాలం ఈ మొహాన్ని ఇంత దగ్గరనుంచి చూసి కూడా ఇది ఎప్పుడు ముసలిదైందో గమనించనేలేదు. రెండో స్క్రూ పెట్టి ఆగాడు. నెత్తిన పలక ఉన్న మనిషి తల అటూ ఇటూ తిప్పలేడు. మొహం తిప్పుకోలేడు. అవుననీ కాదనీ ఊపలేడు. తనకి ధైర్యం ఇప్పుడు ఎందుకు వచ్చిందో ఏలియాకి నోరు విప్పాక గాని తెలియలేదు.

"బావా. ఆ మెషీను నాదే."

కళ్లు తెరుచుకున్నాయి.

"నీ మెడ కోసమే కొన్నాను బావా. ఇంక నువ్వు... పనిలోకి రానక్కర్లేదు."

ఆ కళ్లు ఏలియాని చూస్తూనే ఉన్నాయి. రెప్ప మీద దుమ్ము. మెడ నరం అదురుతోంది. ఏలియా చేతిలో డ్రిల్లు తిరగడం లేదు.

"స్క్రూ తిప్పు," అన్నాడు సొలొమోను. "పలక జారిపోద్ది."

తిప్పాడు. ఒకటి, ఇంకొకటి, మూల దాకా. బిట్టు జారి ఒక స్క్రూ తల అరిగింది. చివరిది పడ్డాక కూడా సొలొమోను తల తియ్యలేదు.

"బండోడు కిందనుంచే నీ పేరెట్టి అరిసినాడురా. 'ఏలియాదా, తొమార్ మెషిన్' అని. నీ మెషీనొచ్చిందంట. వీధంతా ఇన్నాది. నీకే ఇనపడనేదు." నెమ్మదిగా తల కిందకి తీశాడు. పలక అక్కడే నిలిచింది. "గది బాగా కుదిరింది."

ఘోడా దిగి గది మధ్యకి వెళ్లాడు. పని అయ్యాక ప్రతి గదిలో చేసినట్టే ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు పడ్డచోటే చచ్చింది. ఎక్కడా తిరిగి మోగలేదు. తృప్తిగా మూలిగాడు. చీపురు తీసి దుమ్ము ఊడ్చాడు, గోనెలోకి ఎత్తి మూతి కట్టాడు. ఏలియా వచ్చి చీపురు పట్టుకోబోతే ఇవ్వలేదు. ఏలియా మెట్లు దిగి, మొహం కడుక్కునే నెపంతో కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

సొలొమోను కారియర్ పట్టుకుని దిగివచ్చాడు.

"ఆటో ఎక్కిస్తాను ఆగు బావా."

"నాకు దారి తెల్దేటి?" గేటు దాకా వెళ్లి ఆగాడు. తిరగడానికి మెడతో పాటు ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. "దోర్కాకి నానే సెప్తాను. నువ్వేటీ సెప్పకు. ఇసుగొచ్చి నానే మానేసినానని సెప్తాను."

"బావా, అది కాదు..."

"నీ మీదకి ఒచ్చేస్తాదిరా అది. నీకు తెల్దు దాని నోరు."

వెళ్లిపోయాడు. సాయంత్రం రద్దీలో, బస్సుల మధ్య, భుజాలు కదలకుండా, మెడ నిటారుగా పెట్టుకుని నడుస్తున్నాడు. నెత్తి మీద ఇంకా ఏదో ఉన్నట్టు, తల వంచితే పడిపోతుందన్నట్టు. ఏలియా గేటు పట్టుకుని చూశాడు. పరుగెత్తి వెళితే మలుపులోపు అందుకోవచ్చు. గేటు వదల్లేదు. మలుపులో ఒక ఆటో అడ్డం వచ్చింది. అది కదిలేసరికి బావ లేడు.

సామాన్లు తెచ్చుకోవడానికి పైకి వెళ్లాడు. తలుపు వెనక మూసుకోగానే రోడ్డు మొత్తం మాయమైంది. చీకట్లో స్విచ్చు కోసం తడుముతూ, ఎందుకో, "బావా," అన్నాడు. గది ఆ మాటని నోటి దగ్గరే తాగేసింది.

లైటు వెలిగింది. మూలనున్న మెషీను ఇనప చేతులు కలిసే చోట, పలకకి గీత పడకుండా, బావ చుట్టకుదురు పెట్టి ఉంది. కొస బిగించి లోపలికి దోపి ఉంది. చెమట ఇంకా ఆరలేదు. మధ్యలో తల ఆనిన గుంట అలాగే ఉంది.