నానమ్మ చూసిన పాట

మా పాటల టీచరు ఎవరినైనా బృందంలోకి తీసుకునే ముందు ఒక పాట పాడించుకుని వింటుంది. నేను రెండుసార్లు ఆవిడ ముందు నిలబడ్డాను. రెండుసార్లూ నోరు తెరిచాను కానీ గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడకు జాలేసినట్టుంది.

"ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాడి, రికార్డు చేసి తీసుకురా. విని చెప్తాను," అంది.

నాన్న ఫోన్లో పాడి తీసుకెళ్ళాను. విని మొహం చిట్లించింది. "బిందెలో తల పెట్టి పాడావా ఏంటమ్మా? నీ గొంతేదో నాకు తెలియడం లేదు. ఇంకొక్కసారి చూద్దాం. ఆ తర్వాత ఎవర్నీ చేర్చుకోను."

బాబాయితో చెప్పాను. ఆయన కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాడు. నేను మెల్లగా మాట్లాడతానని నాకు గుసగుస అని పేరు పెట్టింది ఆయనే.

"అంతేనా గుసగుసా? పాట ఎక్కించడానికి ఒక పెట్టె చేసేద్దాం. కొత్తది కొనమంటే మీ నాన్న నన్ను గుమ్మం ఎక్కనివ్వడు," అన్నాడు.

ఏదో ఆఫీసులో తీసి పారేసిన కంప్యూటరు తెచ్చి, ముందు గదిలో దుప్పటి పరిచి విప్పాడు. లోపల దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. రంగులేసే కుంచెతో నేను దులిపాను. ప్రాసెసరు పాతదే ఉంచేశాడు. "ఒక్క గొంతుకి ఇది చాలు. ఆటలాడే వాళ్ళకి కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు మనకెందుకు, దండగ!" అన్నాడు. అలా మిగిల్చిన డబ్బుతో, పని చురుగ్గా సాగేలా ర్యామ్ పెంచాడు. గరగరలాడే పాత హార్డ్ డిస్కు పీకేసి, చప్పుడు చెయ్యని కొత్త రకం పెట్టాడు. ర్యామ్ ముక్కను నన్నే గుచ్చమన్నాడు. విరిగిపోతుందేమోనని వేలితో తాకి వదిలేశాను.

"అదేం కరవదులే, నొక్కు!"

నొక్కాను. రెండు వైపులా టక్కుమని కూర్చుంది.

ఎవరో వాడి అమ్మేసిన మైకు ఒకటి, దాన్ని కంప్యూటరుకు కలిపే చిన్న డబ్బా ఒకటి తెచ్చాడు. మైకు ముందు గట్టిగా దగ్గాడు. తెర మీద సన్నగా సాగుతున్న గీత ఒక్కసారి ఉబ్బి లేచింది. నానమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది. చెవి దగ్గర అరిస్తే తప్ప ఆవిడకు ఏమీ వినపడదు.

"అదేంట్రా, కొండలా లేచింది?"

"నా దగ్గే అమ్మా!" అని బాబాయి చెవిలో అరిచాడు.

"దగ్గుకే అంతుంటే ఇక పాటకి తెర చాలదు," అంది నానమ్మ.

మర్నాడు రెండు పంక్తులు పాడి విన్నాను. నా గొంతు వెనకాల బస్సు ఇంజను ఆడుతున్నట్టు ఒకటే హోరు. అది కంప్యూటరులోని ఫ్యాను. నేను పాడింది మైకుకు వినపడనంత మెల్లగా ఉందని దాని జోరు పెంచాను. ఫ్యాను హోరు కూడా పెరిగింది. పెట్టె మీద బొంత కప్పాను. కాసేపటికి బాబాయి వచ్చి చెయ్యి పెట్టి చూసి, "దీనికి జ్వరం తెప్పిస్తావా ఏంటే!" అని లాగేశాడు.

చివరికి పెట్టెనూ తెరనూ పక్కనున్న నానమ్మ గదికి మార్చాం. మైకు తీగను తలుపు కింది నుంచి నా గదిలోకి లాగాం. నాకు అదే మేలనిపించింది. అమ్మా నాన్నా బయటికి వెళ్ళినప్పుడు పాడితే చాలు. నానమ్మ ఉన్నా లేనట్టే.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు బజారుకు వెళ్ళారు. నానమ్మ గదిలో రికార్డు నొక్కి, పరిగెత్తి నా గదిలోకి వచ్చి తలుపు వేసుకుని పాడాను. తిరిగి వెళ్ళేసరికి నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని తెర ముందు కూర్చుని ఉంది.

"పాడావా?"

తలూపాను.

"ఎక్కడ పాడావు? చీమల బారులా ఉంది నీ గీత. దీనికన్నా మీ బాబాయి దగ్గే నయం."

నాకు చెవులు వేడెక్కాయి.

"ఇక్కడైతే అసలు ఏమీ లేదు. ఏం చేశావు ఇక్కడ?" అని తెర మీద వేలు పెట్టింది.

పాటలో అక్కడికి వచ్చేసరికి వీధిలో ఎవరో నడుస్తున్న చప్పుడు వినపడి నేను ఆగిపోయాను. ఎవరికీ తెలియదనుకున్న నా భయం అంతా అక్కడ గీసి ఉంది.

"పో, మళ్ళీ పాడు. నేనెక్కడికీ పోను," అంది.

రెండోసారి చీమలు కాస్త పెద్దవయ్యాయట. మూడోసారి మైకు ముందు నిలబడి, ఎవరైనా వింటారేమో అని చూడలేదు. గోడకు అవతల నానమ్మ కళ్ళజోడు సర్దుకుని చూస్తూ ఉంటుందని మాత్రం అనుకున్నాను. ఆవిడకు కనపడాలంటే గొంతు పెద్దది చెయ్యక తప్పదు. వీధిలో సైకిలు గంట మోగింది. నేను ఆగలేదు.

చివరి మాట పూర్తవుతుండగానే పక్క గదిలోంచి కేక వినిపించింది. చెవులు వినపడని వాళ్ళ గొంతు ఎలా ఉంటుందో తెలుసు కదా.

"ఇదీ! ఇప్పుడొచ్చింది లావుగా!"

ఆ కేక కూడా రికార్డయింది. అక్కరలేని ముక్క కత్తిరించడం బాబాయి నేర్పాడు. ఆ కేకను మాత్రం గుర్తుపెట్టి, తీసేసే మీట మీద వేలు పెట్టాను. ఎందుకో నొక్కబుద్ధి కాలేదు.

పాటను నాన్న ఫోన్లోకి ఎక్కించి తీసుకెళ్ళాను. టీచరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొత్తం వింది. చివర్లో ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"ఎవరూ లేనప్పుడు పాడమన్నాగా! ఈవిడెవరు?"

"మా నానమ్మ. ఆవిడకి వినపడదు టీచర్. తెర మీద చూసింది."

టీచరు నావైపు చూసి నవ్వింది. ఏమన్నావని ఆవిడ మళ్ళీ అడగలేదు. ఎప్పుడూ నా మాట వినపడక రెండు మూడుసార్లు అడిగేది.

"సోమవారం నుంచి రా. మొదట్లో వెనక వరసలో నిలబడు."

ఇంటికి రాగానే నానమ్మ ఏమైందన్నట్టు గడ్డం ఎగరేసింది. అరవడం బదులు, నా పాట గీత ఇంత అని బొటనవేలూ చూపుడువేలూ కాస్త ఎడంగా పట్టి చూపించాను. నానమ్మ నా రెండు వేళ్ళూ పట్టుకుని ఇంకా ఎడంగా లాగింది.